గేటు దగ్గరి గొడవకు ఏ పాఠం చెబుతున్నాం?

2022 జనవరి చివరి వారం. కొవిడ్ మూడో వేవ్ నడుస్తున్న రోజులు. బల్మూరు మండలం నుంచి ఒక చెంచు మహిళ పురిటి నొప్పులతో అచ్చంపేట ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చింది. పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. ఇక్కడ చేయలేం, నాగర్‌కర్నూల్ తీసుకుపొమ్మన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆమె ఎటూ కదలకముందే ఆస్పత్రి ఆవరణలో, ఆరుబయట ప్రసవం అయిపోయింది. ఆ తర్వాత సిబ్బంది లోపలికి తీసుకెళ్లారు. తల్లీబిడ్డలు దక్కారు. వార్త రాష్ట్రమంతా పాకింది. ప్రభుత్వం సూపరింటెండెంట్‌నూ డ్యూటీ డాక్టర్‌నూ సస్పెండ్ చేసింది.

సస్పెన్షన్‌తో వార్త ఆగిపోయింది. మాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఏ సర్కారు దవాఖానలోనైనా గేటు నుంచి కాన్పుల గది దాకా జనానికి ముందుగా ఎదురయ్యేది నర్సు. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సులు ఏం చేశారని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. మేము అడిగేది రేపటి గురించి. 'పంపించెయ్' అని పైనుంచి మాట వస్తుంది. కళ్ల ముందు మనిషి కనబోతుంటుంది. వెనక ఆమె భర్త అరుస్తుంటాడు. మధ్యలో ఇరవై రెండేళ్ల నర్సు నిలబడి ఉంటుంది. ఆమె ఏం మాట్లాడాలి? ఎవరికి ఫోన్ చేయాలి? ఏ కాగితం మీద ఏం రాయాలి? నాలుగేళ్ల చదువులో ఇది ఆమెకు ఎవరైనా నేర్పారా?

ఈ ప్రశ్నకు నర్సింగ్ విద్యలో ఇప్పుడు ఒక జవాబు వినిపిస్తోంది: సిమ్యులేషన్ శిక్షణ. గొడవను ముందే నాటకంలా ఆడించి, ఎలా నెగ్గుకురావాలో నేర్పడం. మంచి పద్ధతే. మేము దాన్ని సమర్థిస్తున్నాం. కానీ ఆ నాటకంలో ఎవరి గొడవ ఉంది, ఎవరి కులం లేదు అన్నది చూడకుండా సమర్థించలేం.

బొమ్మ నుంచి మనిషి దాకా

సిమ్యులేషన్ అంటే కొత్త యంత్రమేమీ కాదు. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆస్పత్రి నర్సింగ్ స్కూలు ఒక నిలువెత్తు బొమ్మను తెప్పించుకుంది. మార్తా చేజ్ అనే బొమ్మల తయారీదారు చేసిన ఆ బొమ్మకు 'మిసెస్ చేజ్' అని పేరు పడింది. మంచం మీద మనిషిని ఎలా తిప్పాలో, ఎలా లేపాలో పిల్లలు దాని మీద నేర్చుకున్నారు. 1963లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మరో అడుగు వేశాడు. బొమ్మకు బదులు మామూలు మనిషికి రోగి పాత్ర నేర్పి, వైద్య విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు. బొమ్మ మాట్లాడదు. మనిషి ఏడుస్తుంది, కోప్పడుతుంది, అబద్ధం చెబుతుంది, భయపడుతుంది. గొడవను నేర్పాలంటే మనిషే కావాలి.

మాట దగ్గర ప్రాణం పోతుందని ముందుగా గట్టిగా పట్టించుకున్నది విమానాల వాళ్లు. కెప్టెన్ తప్పు చేస్తున్నాడని పక్కనున్న కో-పైలట్‌కు తెలిసినా నోరు విప్పలేక విమానాలు కూలిన ఉదంతాలు ఉన్నాయి. 1979లో నాసా పెట్టిన వర్క్‌షాపు తర్వాత, కింది ఉద్యోగి పై ఉద్యోగికి అడ్డుచెప్పడం ఎలాగో సిబ్బందికి నేర్పడం మొదలైంది. దాన్నే ఆస్పత్రులకు తగ్గట్టు మలిచి 2006లో అమెరికా ప్రభుత్వ సంస్థలు 'టీమ్‌స్టెప్స్' పేరుతో శిక్షణ తెచ్చాయి. అందులో రెండు సూత్రాలు మనకు పనికొస్తాయి. ఒకటి, ప్రమాదం కనిపించినప్పుడు మూడు మెట్లుగా మాట్లాడటం: 'నాకు ఆందోళనగా ఉంది', 'ఇది నాకు సమ్మతంగా లేదు', 'ఇది రోగి ప్రాణానికి సంబంధించిన విషయం'. రెండోది, మొదటిసారి వినకపోతే మరోసారి చెప్పాలి, అప్పటికీ వినకపోతే పై అధికారి దగ్గరికి వెళ్లాలి. అలా వెళ్లడం ధిక్కారం కాదు, డ్యూటీ.

ఈ శిక్షణ మూడు భాగాలుగా నడుస్తుంది. ముందు, ఏం జరగబోతోందో, ఎక్కడ ఆపొచ్చో చెబుతారు. తర్వాత పదిహేను నిమిషాల లోపు సన్నివేశం. ఆ తర్వాత అంతకంటే ఎక్కువసేపు కూర్చుని మాట్లాడుకోవడం. అసలు చదువు ఈ మూడో భాగంలోనే ఉంటుంది. అమెరికాలో నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన పెద్ద అధ్యయనం, నాణ్యంగా చేస్తే క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా పిల్లల చదువుకు నష్టం లేదని తేల్చింది.

మన దేశంలోనూ కదలిక వచ్చింది. 2021లో గెజిట్‌లో వచ్చిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త బీఎస్సీ నర్సింగ్ పాఠ్యక్రమం సెమిస్టర్ పద్ధతితో పాటు స్కిల్ ల్యాబ్, సిమ్యులేషన్‌లను చదువులో భాగం చేసింది. గురుగ్రామ్‌లోని ఎస్‌జీటీ యూనివర్సిటీలో జాతీయ సిమ్యులేషన్ కేంద్రం నడుస్తోంది. కాగితం మీద దారి పడింది.

'సర్దుకుపో' అనే సర్టిఫికెట్

నర్సింగ్ మేనేజ్‌మెంట్ పాఠాల్లో 'కాన్‌ఫ్లిక్ట్ మేనేజ్‌మెంట్' చాలా ఏళ్లుగా ఉంది. పరీక్షకు ఐదు మార్గాలు బట్టీ పడతారు: తప్పుకోవడం, సర్దుకుపోవడం, పోటీపడటం, చెరిసగం ఒప్పుకోవడం, కలిసి పరిష్కరించుకోవడం. 1970లలో థామస్, కిల్మన్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ పండితులు కట్టిన చట్రం ఇది. ఆఫీసులో ఇద్దరు సమాన ఉద్యోగుల మధ్య తగాదాకు అది సరిపోతుందేమో. గేటు దగ్గర నిలబడ్డ చెంచు మనిషికీ, లోపల కుర్చీలో ఉన్న డాక్టరుకూ మధ్య జరిగేదాన్ని ఆ ఐదు గళ్లలో ఏ గడిలో పెడతాం?

ఇక్కడొక విషయం సూటిగా చెప్పాలి. మన ఆడపిల్లకు 'సర్దుకుపోవడం' ఎవరూ కొత్తగా నేర్పనక్కర లేదు. అమ్మానాన్నలు హైదరాబాద్‌కో, పుణేకో, ముంబైకో వలసపోతే అవ్వ దగ్గర పెరిగి, హాస్టల్లో చదివి, పాలమూరు పల్లె నుంచి నర్సింగ్ కాలేజీ దాకా వచ్చిన బిడ్డ పుట్టినప్పటి నుంచి సర్దుకుపోతూనే ఉంది. పంతులు కులం పేరుతో పిలిస్తే సర్దుకుంది. ఊళ్లో నీళ్ల దగ్గర సర్దుకుంది. ఆమెకు ఇప్పుడు సిమ్యులేషన్ ల్యాబ్‌లో నవ్వు మొహంతో మరింత చక్కగా సర్దుకుపోవడం నేర్పి, దానికి మార్కులు వేస్తే అది చదువు అవుతుందా?

ప్రమాదం రెండో వైపు నుంచీ ఉంది. ఆధిపత్య కులాల నుంచి వచ్చిన విద్యార్థికి ఆ సన్నివేశంలో రోగి బంధువు 'అల్లరి చేసే అటెండర్'గా మాత్రమే కనిపిస్తాడు. మాసిన బట్టలు, పెద్ద గొంతు, కల్లు వాసన. సన్నివేశం రాసినవాళ్లు తెలియకుండానే ఒక కులాన్ని రాసేస్తారు. పిల్లలు ఆ మనిషిని చల్లార్చడం నేర్చుకుంటారు. అతను ఎందుకు అరుస్తున్నాడో, మూడు గంటలుగా అతనికి ఎవరూ ఒక్క మాట ఎందుకు చెప్పలేదో నేర్చుకోరు.

గొడవ వేరు, వివక్ష వేరు

మంచం కోసం ఇద్దరు రోగుల బంధువులు తగవుపడితే అది గొడవ. డ్యూటీ చార్టు మీద ఇద్దరు నర్సులు కొట్లాడుకుంటే అది గొడవ. వీటిని మాటలతో తీర్చొచ్చు, తీర్చాలి. కులం చూసి, తెగ చూసి, చెప్పులు చూసి ఒకరిని బయట నిలబెడితే అది గొడవ కిందికి రాదు. అది నేరం. నేరాన్ని 'మేనేజ్' చేయకూడదు. గుర్తించాలి, ఆపాలి, రాసిపెట్టాలి.

చట్టం ఈ తేడాను ఎప్పుడో చెప్పింది. అంటరానితనం పేరుతో ఆస్పత్రిలో చేర్చుకోకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం కిందే శిక్షార్హం. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఆస్పత్రి, డిస్పెన్సరీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి దళితులనూ ఆదివాసులనూ రానివ్వకుండా అడ్డుకోవడాన్ని సెక్షన్ 3 కింద నేరాల జాబితాలో పేరుపెట్టి చేర్చింది.

కులం ప్రస్తావన లేకపోయినా బాధ్యత పోదు. 1992 జూలైలో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ బెంగాల్‌లో రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, ఒక్కో ప్రభుత్వ ఆస్పత్రీ పడకలు లేవని, వసతి లేదని అతన్ని తిప్పిపంపింది. అతని కూలీ సంఘం, పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకెక్కింది. అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, డబ్బు లేదన్న సాకు చెల్లదని 1996లో కోర్టు తీర్పు ఇచ్చింది. కూలీల సంఘం కొట్లాడి తెచ్చిన ఈ తీర్పు నర్సింగ్ విద్యార్థికి నాలుగేళ్లలో ఒక్కసారైనా వినిపించాలి.

నర్సుల భద్రత సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆస్పత్రిలో యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ అంటే ఏ ఆడపిల్లకు భయం ఉండదు? వైద్య సిబ్బందిపై దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు అనే చట్టం 2008 నుంచి ఉంది. చాలా ఆస్పత్రుల గోడ మీద ఆ బోర్డు కనిపిస్తుంది. మాకు ఆ బోర్డు మీద అభ్యంతరం లేదు. దాని పక్కనే 'ఇక్కడ ఎవరినీ తిప్పిపంపరాదు' అన్న రెండో బోర్డు కూడా ఉండాలంటున్నాం. ఒక్క బోర్డే ఉంటే, గేటు దగ్గరికి వచ్చిన బీదవాడు రోగి బంధువుగా కాకుండా అనుమానితుడిగా లోపలికి అడుగుపెడతాడు.

నిచ్చెన మెట్ల మీద నర్సు

నిచ్చెనమెట్ల అసమానత అని అంబేద్కర్ చెప్పిన మాట ఆస్పత్రిలో అక్షరాలా కనిపిస్తుంది. సూపరింటెండెంట్, డాక్టరు, హెడ్ నర్సు, స్టాఫ్ నర్సు, నర్సింగ్ విద్యార్థి, వార్డు బాయ్, చివరన నెత్తురు తుడిచే సఫాయి కార్మికురాలు. ప్రతి మెట్టూ పై మెట్టుకు వంగుతుంది, కింది మెట్టు మీద అరుస్తుంది.

ఈ వృత్తి చరిత్రలోనే కులం ఉంది. మైల, నెత్తురు, పరాయి ఒళ్లు ముట్టుకోవడం 'పెద్దింటి' ఆడవాళ్ల పని కాదన్న రోజుల్లో మన ప్రాంతంలో నర్సింగ్‌కు ముందు వచ్చినవాళ్లలో దళిత క్రైస్తవ మహిళలు ఎందరో. జడ్చర్లలో మెన్నోనైట్ బ్రెదరెన్ మిషన్ ఆస్పత్రి లాంటివి పాలమూరు పల్లెల్లో వైద్యం అందించింది ఇలాంటి చేతులతోనే. అంతకుముందు ఊళ్లో పురుడు పోసిన మంత్రసానుల్లోనూ అణగారిన కులాల ఆడవాళ్లే ఎక్కువ. బిడ్డను చేతుల్లోకి తీసుకునేటప్పుడు అడ్డురాని కులం, బొడ్డు కోసిన మరుక్షణం వాకిట్లో నిలబెట్టేది.

ఇప్పుడు సర్కారు నౌకరీ అయ్యాక నర్సింగ్‌లోకి అన్ని కులాలూ వచ్చాయి. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో ముఖ్యమంత్రి 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చినప్పుడు, ఎందరో పేదింటి బిడ్డలు అమ్మానాన్నలతో వచ్చి ఆ కాగితం అందుకున్నారు. అది మన విజయం కూడా. కానీ తెల్లకోటు, తెల్ల యూనిఫాం వేసుకున్నంత మాత్రాన కులం గేటు బయట ఆగదు. 2019 మేలో ముంబైలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి, 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని, లంబాడీ బిడ్డ ధరావత్ ప్రీతి మనకు దక్కకుండా పోయారు. రెండు ఉదంతాల్లోనూ సీనియర్ల వేధింపుల ఆరోపణలు వచ్చాయి. రెండింటిలోనూ అట్రాసిటీ చట్టం కింద కేసులయ్యాయి. రెండింటినీ 'సీనియర్, జూనియర్ల మధ్య మామూలే' అని కొట్టిపారేయబోయిన గొంతులున్నాయి. ఆస్పత్రి లోపలి కులాన్ని 'ఇంటర్‌పర్సనల్ కాన్‌ఫ్లిక్ట్' అని పిలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అందుకే గొడవ పాఠం నర్సింగ్ విద్యార్థికి రెండు వైపులా కావాలి. రోగి బంధువు కోపాన్ని తట్టుకోవడం ఒక వైపు. పై మెట్టు మాటకు అడ్డుచెప్పడం రెండో వైపు. మొదటిది మాత్రమే నేర్పితే ఆమెను గేటుకు కాపలా పెట్టినట్టే.

అచ్చంపేట సన్నివేశం

మరి ఎలా నేర్పాలి? ఒక నమూనా సన్నివేశం రాసి చూపిస్తాం. ఇది జరిగిన ఘటన కాదు. ఎక్కడైనా జరగగలిగింది.

నల్లమల అంచున ఒక ఆస్పత్రి. రాత్రి పదకొండు. లోపలి పెంట నుంచి జీపులో ఒక గర్భిణి వచ్చింది. వెంట భర్త, అత్త, ఆశా కార్యకర్త. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. లోపల ఒక స్టాఫ్ నర్సు, ఈ పాత్ర విద్యార్థిది. డ్యూటీ డాక్టరు ఫోన్‌లో గొంతుగా మాత్రమే వినిపిస్తాడు. కారిడార్‌లో సఫాయి కార్మికురాలు.

'సిస్టరమ్మా, నొప్పులు బాగొస్తున్నయి, జర సూడమ్మా' అంటాడు భర్త. 'కార్డేది? స్కానింగ్ ఏది?' అంటాడు గార్డు. కార్డు లేదు. నర్సు ఫోన్ చేస్తుంది. 'స్కానింగ్ లేకుండా మనమెందుకు పెట్టుకోవాలి, నాగర్‌కర్నూల్ పంపించెయ్ సిస్టర్' అంటుంది ఫోన్‌లో గొంతు. భర్త గొంతు లేస్తుంది: 'మమ్మల్ని మనుసులనుకుంటలేరా మీరు?'

మొదటిసారి ఆడినప్పుడు ఎక్కువమంది ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. 'అరవకండి, రూల్స్ ఉంటాయి' అంటారు. అరవొద్దంటే అరుపు పెరుగుతుంది. గార్డు మధ్యలోకి వస్తాడు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తారు. సన్నివేశం అక్కడ ఆపాలి. ఒక్క ప్రశ్న అడగాలి: ఇప్పటిదాకా గర్భిణి మీద ఎవరైనా చెయ్యి వేశారా? బీపీ చూశారా? బిడ్డ గుండె విన్నారా? గొడవ మధ్యలో రోగే కనిపించకుండా పోయిందని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

రెండోసారి ఆడినప్పుడు వరుస మారుతుంది. ముందు రోగిని లోపలికి తెచ్చి పరీక్ష చేయడం. భర్తతో పక్కన నిలబడి, కళ్లలోకి చూసి మాట్లాడటం: 'అన్నా, అక్కను నేను చూస్తున్నా. ఏమున్నా పది నిమిషాల్లో నేనే వచ్చి మీకు చెప్తా.' చెప్పినట్టు పది నిమిషాల్లో రావడం. తర్వాత మళ్లీ ఫోన్: 'సర్, ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుంది. నాకు ఆందోళనగా ఉంది. దారిలోనే అవుతుంది. ఇప్పుడు పంపడం నాకు సమ్మతంగా లేదు.' అటువైపు మళ్లీ 'పంపించెయ్' అంటే: 'సర్, ఇది తల్లీబిడ్డల ప్రాణానికి సంబంధించింది. మీరు వచ్చి చూసి, కారణం రాసి, టైమ్ వేసి సంతకం పెట్టండి. నేను సూపరింటెండెంట్ గారికి కూడా చెప్తున్నా.' ఆ తర్వాత ఫోన్ చేసిన సమయం, చెప్పిన మాట కేసు షీట్‌లో రాయడం.

'సంతకం పెట్టండి' అన్న ఒక్క మాట దగ్గర చాలామంది పిల్లల గొంతు వణుకుతుంది. సిమ్యులేషన్ ఉన్నది సరిగ్గా ఆ వణుకు కోసమే. పదిసార్లు ఉత్తిదే అంటే పదకొండోసారి నిజంగా అనగలదు.

మాట్లాడుకునే భాగంలో ఈ ప్రశ్నలు రావాలి. కార్డు ఎందుకు అడిగారు? ఇదే గర్భిణి కారులో దిగి ఉంటే గార్డు ఏమనేవాడు? 'వాళ్లు మాట వినరు' అన్న వాక్యం మీలో ఎవరి నోట వచ్చింది, ఎక్కడ నేర్చుకున్నారు? భర్త అన్న 'మనుసులు' అన్న మాట ఎందుకొచ్చింది? సఫాయి అక్క అంతా చూసింది, ఆమెను ఎవరైనా ఏమైనా అడిగారా? నిజానికి గేటు దగ్గర జరిగేది ముందుగా గమనించేది ఆమె. ఆ మనుషుల మాట తెలిసినదీ ఆమెకే కావచ్చు.

అవమానం పాత్ర ఎవరిది?

ఇక్కడ ఒక జాగ్రత్త. తరగతిలో ఉన్న ఒక్క చెంచు పిల్లనో, మాదిగ పిల్లనో పిలిచి 'నువ్వు రోగి పాత్ర వెయ్యి, నీకు బాగా తెలుసు కదా' అంటే అది శిక్షణ పేరుతో మరో అవమానం. ఆమె బతుకు ఇతరుల పాఠానికి ముడిసరుకు కాకూడదు. పాత్రలు చీటీలు తీసి పంచాలి. వద్దనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఆపమంటే ఆపే మాట ఒకటి ముందే అనుకోవాలి. యాస వెక్కిరింపు, కులం పేరుతో నవ్వు మొదలైన చోట ఆట ఆగాలి, మాట మొదలవ్వాలి. రోగుల తరఫున మాట్లాడటానికి చెంచు పెంటల నుంచి, ఎస్సీ వాడల నుంచి ఆడవాళ్లను పిలవాలి. బారోస్ పద్ధతిలో రోగి పాత్ర వేసేవాళ్లు శిక్షకులు. వాళ్లకు శిక్షకులకు ఇచ్చే గౌరవం, కూలి రెండూ ఇవ్వాలి.

అవమానాన్ని ముందే ఆడి చూసుకుని దానికి సిద్ధపడటం ఉద్యమాలకు కొత్త కాదు. జేమ్స్ లాసన్ అనే నల్లజాతి పాస్టర్ 1950లలో మూడేళ్లు మన నాగపూర్‌లోని హిస్లాప్ కాలేజీలో పనిచేసి వెళ్లాడు. 1959లో నాష్‌విల్‌లో చర్చి గదిలో నల్లజాతి విద్యార్థులకు వర్క్‌షాపులు పెట్టాడు. డయాన్ నాష్, జాన్ లూయిస్ లాంటివాళ్లు అందులో తయారయ్యారు. వాళ్లలో కొందరు తెల్లవాళ్ల పాత్ర వేసి తిట్టేవాళ్లు, కుర్చీలోంచి లాగేవాళ్లు. మిగతావాళ్లు కూర్చున్న చోటు వదలకుండా ఉండటం సాధన చేసేవాళ్లు. మన ఊళ్లలో రెండు గ్లాసుల హోటళ్ల లాంటివే అక్కడి భోజన కౌంటర్లు. 1960 ఫిబ్రవరిలో వాళ్లు నిజంగా వెళ్లి కూర్చున్నారు. మే నెలకు ఆ కౌంటర్లు తెరుచుకున్నాయి.

ఆ గదిలో నేర్పింది కూడా గొడవ వేళ నిబ్బరంగా ఉండటమే. కానీ ఆ నిబ్బరం తలుపు తెరిపించడానికి. తలుపు మూసే ఉంచి బయటివాళ్లను నిశ్శబ్దం చేయడానికి కాదు. నర్సింగ్ కాలేజీల్లో నడిచే ప్రతి సిమ్యులేషన్‌నూ మేము ఈ ఒక్క కొలతతో కొలుస్తాం: సన్నివేశం అయిపోయేసరికి తలుపు తెరుచుకుందా?

డబ్బు సమస్య కాదు, మనసు సమస్య

ఖరీదైన బొమ్మలు కొనాలి, ల్యాబ్ కట్టాలి, నిధులు లేవు అంటారు. గొడవ పాఠానికి బొమ్మ అక్కరే లేదు. బిహార్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సుల కోసం కేర్ ఇండియా, ప్రోంటో ఇంటర్నేషనల్ సంస్థలు నడిపిన శిక్షణలో ప్రసవం సన్నివేశానికి 'పార్టోప్యాంట్స్' అనే కుట్టిన ప్యాంటు వాడారు. ఒక నర్సు అది తొడుక్కుని తల్లిగా పడుకుంటుంది, మిగతావాళ్లు పురుడు పోస్తారు. పని చేసే చోటే, ఆ గదిలోనే శిక్షణ. బిహార్ పల్లెలో జరిగింది నల్లమలలో జరగకపోవడానికి కారణం లేదు. పైగా మనకు వీధి నాటకం ఉంది, ప్రజానాట్యమండలి వారసత్వం ఉంది, డప్పు ఉంది. సన్నివేశం కట్టడం మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అదే సమయంలో శిక్షణకు హద్దు ఉందని మరవొద్దు. ఒక్క నర్సు రాత్రంతా రెండు వార్డులు చూస్తుంటే, మత్తు డాక్టరు లేకుంటే, రక్తం లేకుంటే, అంబులెన్స్ రాకుంటే ఎంత చక్కటి మాటా ప్రాణం నిలపదు. ఖాళీలు నింపకుండా 'మా నర్సులకు కాన్‌ఫ్లిక్ట్ మేనేజ్‌మెంట్ నేర్పించాం' అని ప్రభుత్వం చెబితే, నేరం వ్యవస్థది, శిక్ష నర్సుది అయినట్టు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి పై అధికారికి అడ్డుచెప్పి తన కొలువు నిలుపుకోగలదా? అడ్డుచెప్పిన నర్సుకు రక్షణ లేకుండా అడ్డుచెప్పడం నేర్పితే ఆమెను ఒంటరిగా మంటలోకి తోసినట్టే.

అందుకే మేము అడుగుతున్నవి ఇవి.

ఒకటి, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరిధిలోని నర్సింగ్ కాలేజీల్లో గొడవల పాఠాన్ని సిమ్యులేషన్‌తోనే చెప్పాలి. ప్రతి సెమిస్టర్‌లో కనీసం ఒక సన్నివేశం కుల, తెగ వివక్ష మీద ఉండాలి.

రెండు, ఆ సన్నివేశాలు రాసే కమిటీలో దళిత, ఆదివాసీ నర్సులు, ఆశా కార్యకర్తలు, సఫాయి కార్మికులు ఉండాలి.

మూడు, అట్రాసిటీ చట్టం, ఖేత్ మజ్దూర్ సమితి తీర్పు, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం నర్సింగ్ విద్యార్థులకు పాఠంగా చెప్పాలి.

నాలుగు, నోటిమాట రిఫరల్ ఆపాలి. ఎవరు, ఎందుకు, ఏ సమయానికి పంపారో రాసి సంతకం పెట్టిన కాగితం లేకుండా ఏ గర్భిణినీ గేటు దాటించకూడదు.

ఐదు, రోగి పక్షాన అడ్డుచెప్పిన నర్సును బదిలీ, మెమో, రెన్యువల్ ఆపడం లాంటి వాటితో వేధించకుండా రాతపూర్వక రక్షణ కావాలి. ఇది డాక్టర్లకు కూడా శిక్షణలో భాగం కావాలి. వినేవాడికి వినడం నేర్పకుండా చెప్పేదానికి చెప్పడం నేర్పితే సగం పాఠమే.

చదువుకుంటున్న నర్సింగ్ చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక మాట. కాలేజీ పెట్టేదాకా ఆగకండి. హాస్టల్ గదిలో ఆరుగురు కూర్చుంటే చాలు. ఒకరు గార్డు, ఒకరు భర్త, ఒకరు ఫోన్‌లో గొంతు. ఆడండి, ఆపండి, మాట్లాడుకోండి, మళ్లీ ఆడండి. అంబేద్కర్ స్టూడెంట్ సంఘాలు, హక్కుల సంఘాలు ఇందుకు వాళ్లతో కలిసి కూర్చోవాలి. చట్టం తెలిసినవాళ్లు చట్టం చెప్పాలి, వార్డు తెలిసినవాళ్లు వార్డు చెప్పాలి.

2022 జనవరిలో ఆ ఆవరణలో పుట్టిన బిడ్డ త్వరలో బడికి పోతుంది. ఆ బిడ్డ పెద్దయి అదే గేటు దగ్గరికి రోగిగానో, నర్సుగానో వచ్చేసరికి, లోపలి నుంచి ఎవరో ఒకరు ముందుకొచ్చి 'లోపలికి రండి, నేను చూస్తా' అనాలి. ఆ మాట అనగలిగేలా ఇప్పుడే ఎవరికో నేర్పాలి.